సున్నం గీత లోపల టిఫిన్లు పెట్టకండి బాబూ

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి చూస్తే సగానికి పైగా పోలింగ్ బూత్ గొడవలే ఉన్నాయండీ. నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఏడుసార్లు ఎలక్షన్ డ్యూటీ చేశాను, అందులో నాలుగుసార్లు పీవోగా, అంటే బూత్ మొత్తానికి బాధ్యత ఉండే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, అందుకని ఎడిటర్‌గారు మొత్తం కట్ట తెచ్చి నా ఒళ్లో పడేశారు. చదువుతుంటే ఒకటి అర్థమైంది, మన గోదారి జిల్లాల్లో బూత్ దగ్గర తప్పులు రౌడీయిజంతో జరిగేవి తక్కువ, మర్యాదతో జరిగేవే ఎక్కువ. ఇంటికొచ్చినోళ్ళని ఊరికే పంపకూడదు, పెద్దాళ్ళని నడిపించకూడదు, అడిగినోళ్ళకి కాదనకూడదు, ఇవన్నీ మంచివే గానీ పోలింగ్ రోజున మాత్రం కేసులవుతాయి.

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరండీ. మా ఇంటికీ పోలింగ్ పెట్టే ఎలిమెంటరీ స్కూలుకీ మధ్య ఓ కొబ్బరి తోట, ఓ పంట బోది, అంతే, మహా అయితే అరవై డెబ్భై మీటర్లు. ప్రతి ఎలక్షన్‌కీ మా మావయ్యగారు అరుగు మీద బెంచీలు వేయించి వచ్చేపోయేవాళ్ళందరికీ ఇడ్లీ, పెసరట్టు ఉప్మా పెడతారు. ఫలానా వాళ్ళకి ఓటెయ్యమని నోరు తెరిచి అనరు, కాకపోతే డాబా మీద పార్టీ జెండా ఉంటుంది. పోయిన ఎలక్షన్లో పోలీసాయన వచ్చి బెంచీలూ జెండా రెండూ తీయించేశాడు. మా అరుగు మీద మేం పెట్టుకుంటే వాళ్ళకేంటండీ? (ఒక కోడలు)

జవాబు: అమ్మా, మీ మావయ్యగారి పెసరట్టు మీద నాకు గౌరవమే గానీ ఆ పోలీసాయన చేసింది కరెక్టే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 130వ సెక్షన్ అని ఒకటుంది, పోలింగ్ రోజున పోలింగ్ స్టేషన్‌కి 100 మీటర్ల లోపల ఓటు అడగకూడదు, ఫలానా వాడికి వెయ్యొద్దని చెప్పకూడదు, అసలు ఓటే వెయ్యొద్దని కూడా చెప్పకూడదు, ఎలక్షన్‌కి సంబంధించిన బోర్డూ గుర్తూ ఏదీ చూపించకూడదు. ఇక్కడ మీరు గమనించాల్సిన మాట ఒకటుంది, "పబ్లిక్ స్థలంలో గానీ ప్రైవేటు స్థలంలో గానీ" అని రాశారు. అంటే మీ అరుగు, మీ డాబా, మీ కొబ్బరి తోట, 100 మీటర్ల దగ్గర గీసే ఆ సున్నం గీత లోపలుంటే అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇల్లు మీదే, కాదన్లేదు, ఆ ఒక్క రోజుకి జెండా దింపెయ్యాలి, అంతే.

దీనికి జరిమానా ఎంతనుకున్నారు, 250 రూపాయలు. ఈ రోజుల్లో ఆ డబ్బుకి పులస ముల్లు కూడా రాదు, అందుకే మనవాళ్ళు లెక్కచెయ్యరు. కానీ ఇది వారెంటు లేకుండా పోలీసులు పట్టుకెళ్ళగలిగే నేరం. పోలింగ్ రోజు పొద్దున్నే స్టేషన్ బెంచీ మీద కూర్చోబెడితే సాయంత్రం దాకా మీ ఓటూ పోతుంది, పెసరట్టూ పోతుంది.

ఇంక టిఫిన్ సంగతి. గీత లోపలా బయటా అనే తేడా దానికి లేదు. ఓటు కోసం తిండి పెట్టారు, తాగించారు అని తేలితే అది లంచం కిందకే వస్తుంది, కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ మాట ఉంది, డబ్బులిస్తే ఏడాది దాకా జైలు, తిండీ తాగుడూ అయితే జరిమానాతో సరిపెడతారు. మీ మావయ్యగారు మిగతా రోజుల్లో దారిన పోయేవాళ్ళకి ఉప్మా పెట్టరు కదా! మరి ఐదేళ్ళకోసారి అదే రోజున అంత దయ ఎందుకు పుడుతుందో అడిగేవాడు అడుగుతాడు.

అంత ఉబలాటంగా ఉంటే గీత బయట పార్టీ టేబులు పెట్టుకోవచ్చు, ఒక టేబులు, రెండు కుర్చీలు, ఎండకి ఓ గొడుగో టార్పాలినో. ఇదివరకు ఇది 200 మీటర్ల అవతల ఉండాలనేవాళ్ళు, 2025లో ఎలక్షన్ కమిషన్ దాన్ని 100 మీటర్లకి తగ్గించింది. అక్కడిచ్చే స్లిప్పు మాత్రం తెల్ల కాగితమే అయ్యుండాలి, పేరూ సీరియల్ నంబరూ బూత్ నంబరూ తప్ప గుర్తు గానీ అభ్యర్థి పేరు గానీ ఉండకూడదు. వెనకాల లేతగా బొమ్మ వేసిన స్లిప్పులు నేను బోలెడు చూశాను, అవి జేబులో పెట్టుకుని లోపలికొస్తే మీ చేత పట్టించి వాళ్ళు ప్రచారం చేయించుకున్నట్టే.

ప్రశ్న: ఫ్రెండ్స్ మధ్య పందెం పడింది సార్. బూత్‌లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ప్రచారమేనా? సైకిల్ మీద వచ్చి ఓటేస్తే? గాజు గ్లాసులో టీ తాగుతూ క్యూలో నిలబడితే? (భీమవరం కుర్రాళ్ళు)

జవాబు: మూడు పార్టీల గుర్తుల్నీ సమానంగా అడిగారు, బతికించారు. ఫ్యాను గాలి కోసం, సైకిలు రావడానికి, గ్లాసు టీకి. వాడుకునే వస్తువు వాడుకుంటే ప్రచారం కాదు బాబూ, లేకపోతే మే నెల ఉక్కలో స్టాఫంతా ఫ్యాను ఆపుకుని చావాలి. అదే వస్తువు బొమ్మని చొక్కా మీదో టోపీ మీదో కండువా మీదో వేసుకొస్తే ప్రచారం. ఆ ఖాళీ గ్లాసుని పైకెత్తి క్యూ మొత్తానికి చూపించి నవ్వితే అది కూడా ప్రచారమే, పీవో చూసి ఊరుకోడు. రంగుల గురించి కూడా చాలామంది ఆడవాళ్ళు అడిగారు, పసుపు చీర కట్టుకోవచ్చా, నీలం కట్టుకోవచ్చా అని. హాయిగా కట్టుకోండి, చీర రంగుని ఏ సెక్షనూ ఆపదు.

ప్రశ్న: మాది లంక ఊరండి, గన్నవరం వైపు. బూత్ ఏటి అవతల. ప్రతిసారీ పార్టీ వాళ్ళే ఇంజన్ పడవ పెట్టి ఫ్రీగా తీసుకెళ్ళి మళ్ళీ దింపుతారు. ఈసారి అది నేరం అన్నారట, మరి మేం ఈదుకుంటూ వెళ్ళాలా? (లంక రైతు)

జవాబు: ఆయ్, ఈదక్కర్లేదు గానీ అది నేరం అన్నమాట మాత్రం నిజమే, ఈసారి కొత్తగా పెట్టిందీ కాదు, 1951 నుంచీ ఉన్నదే. అభ్యర్థి గానీ ఆయన ఏజెంటు గానీ, వాళ్ళ ఒప్పుకోలుతో ఇంకెవరైనా గానీ ఓటర్లని ఉచితంగా బూత్‌కి చేరవెయ్యడానికి బండి పెడితే అది అవినీతి చర్య, 123వ సెక్షన్ ఐదో క్లాజు. ఆటోలూ ట్రాక్టర్ల గురించి మాత్రమే అనుకుంటారు అందరూ, కాదు, ఆ క్లాజులో బండితో పాటు పడవ కూడా పేరు పెట్టి రాశారు. ఆ చట్టం రాసినాయన ఎప్పుడైనా మన ఏటిగట్టు మీద నిలబడ్డాడేమో అనిపిస్తుంది నాకు.

దీని దెబ్బ ఓటరు మీద కాదు, అభ్యర్థి మీద. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు అక్కడి ఓటరో పోటీ చేసిన అభ్యర్థో హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేసి రుజువు చేస్తే గెలిచిన సీటు ఊడుతుంది, ఆరేళ్ళ దాకా పోటీకి దూరం పెట్టొచ్చు. ఇది కాక 133వ సెక్షన్ కింద మూడు నెలల జైలు దాకా ఉంది.

మరి మీరెలా వెళ్ళాలంటే, రేవులో మామూలుగా తిరిగే పడవో పంటో ఎక్కి మీ టికెట్టు మీరు కొనుక్కుని వెళ్ళండి, దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. ఇంకోటి, ఓటర్లంతా తలా కాస్తా వేసుకుని సొంతంగా పడవ మాట్లాడుకుంటే తప్పు కాదని కూడా రాశారు, అయితే అక్కడ ఓ తమాషా మాట ఉంది, అది యంత్రంతో నడవని పడవ అయ్యుండాలట! అంటే తెడ్డు వేసేదీ గెడ వేసేదీ. ఇంజన్ పడవ మాట్లాడుకున్నంత మాత్రాన మీ మీద కేసేమీ పెట్టరులెండి, ఆ క్లాజు పట్టుకునేది అభ్యర్థినీ వాళ్ళ తరఫు వాళ్ళనీ. కాకపోతే డబ్బులు మీరే ఇచ్చుకోండి, ఎవడి చేతో ఇప్పించకండి. మా స్టాఫ్ కూడా ఈవీఎం పెట్టెలు ఒళ్లో పెట్టుకుని పంటు మీద ఏరు దాటినోళ్ళమే, నీళ్ళలో పడితే ఏంటి గతి అని వీవీప్యాట్‌ని, అదే ఓటు స్లిప్పు చూపించే మిషన్ని, పసిపిల్లలా పట్టుకున్నాం.

ప్రశ్న: పేరు వెయ్యకండి. రెండు పార్టీల వాళ్ళూ ఇంటికొచ్చి కవర్లిచ్చారు. ఒకళ్ళయితే పసుపు కుంకుమ పళ్ళెం తెచ్చి, అంతర్వేది నరసింహస్వామి పటం మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నారు. ఇంకొకళ్ళకి వెయ్యాలని నాకుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు, ఒట్టు తప్పితే పిల్లలకి ఏమైనా అవుతుందా? పైగా ఎవరికి వేశామో మాకు తెలిసిపోతుంది అంటున్నారు. (కోనసీమ నుంచి ఒక అమ్మ)

జవాబు: తల్లీ, ఈ కట్టలో నాకు బాధేసిన ఉత్తరం మీదొక్కటే. ముందు భయం సంగతి చెప్తాను. ఓటు వెయ్యకపోతే దేవుడికి కోపం వస్తుంది, నీకో నీ వాళ్ళకో కీడు జరుగుతుంది అని ఓటర్ని నమ్మించడమే ఒక నేరం. అక్రమ ఒత్తిడి అంటారు దాన్ని, పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో 171వ సెక్షన్‌గా ఉంది, దైవ ఆగ్రహం అనే మాటే వాడారు అందులో. కాబట్టి ఆ పళ్ళెం పట్టుకొచ్చినవాడు చేసింది తప్పు, మీరు చేసింది కాదు. నరసింహస్వామి ఎవరి పక్షాన ఉంటాడో నేను చెప్పలేను గానీ నేరంతో కట్టిన ఒట్టుకి ఆయన కాపలా కాస్తాడని మాత్రం నేను అనుకోను.

తెలిసిపోతుందా అంటే, మీ ఒక్కళ్ళ ఓటు ఎవరికీ తెలీదు. లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది గనక ఫలానా బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో తెలుస్తుంది, ఊళ్ళో పెద్దమనుషులు దాన్ని పట్టుకునే "మాకు తెలుసు" అని బెదిరిస్తారు. వెయ్యి మంది ఓటర్లున్న బూత్‌లో మీది ఏదో దేవుడికీ తెలీనట్టే. లోపల మీరు బటన్ నొక్కేటప్పుడు అట్ట అడ్డు ఉంటుంది, వీవీప్యాట్ అద్దంలో స్లిప్పు 7 సెకన్లు కనపడి పెట్టెలో పడిపోతుంది, అది మీ చేతికి రాదు. ఏజెంటు గానీ స్టాఫ్ గానీ ఓటు రహస్యం బయటపెడితే 128వ సెక్షన్ కింద వాళ్ళకే శిక్ష.

కవర్ల గురించి నిజం దాచను, ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాళ్ళదీ తప్పే అంటుంది చట్టం. ఇంకోసారి గుమ్మం దాటనివ్వకండి. ఎవరైనా వస్తే సీ-విజిల్ అని ఎలక్షన్ కమిషన్ యాప్ ఉంది, ఫోటోనో వీడియోనో తీసి పంపితే 100 నిమిషాల్లో తేల్చాలని వాళ్ళ లెక్క, మీ పేరు బయటపెట్టకుండా కూడా పంపొచ్చు. ఫోన్ చెయ్యాలంటే 1950.

ప్రశ్న: మా అత్తగారికి 78, చూపు బాగా తగ్గింది. మావయ్యగారికి చేతులు వణుకుతాయి. ఇద్దర్నీ నేనే లోపలికి తీసుకెళ్ళి నొక్కిస్తాను అంటే పీవో కుదరదన్నారు, నాకు కోపమొచ్చింది. (పాలకొల్లు)

జవాబు: కోపం రావడం సహజం గానీ రూల్ ఆయన పెట్టింది కాదు. చూపు లేకపోయినా, ఒంట్లో సత్తువ లేక బటన్ నొక్కలేకపోయినా తోడు ఒకర్ని తీసుకెళ్ళొచ్చు, ఆ తోడు వచ్చేవాళ్ళకి 18 నిండాలి, వేసిన ఓటు ఎవరికీ చెప్పనని డిక్లరేషన్ ఇవ్వాలి, ఒక రోజులో ఒక్కరికి మాత్రమే తోడు వెళ్ళాలి. ఇదంతా ఎందుకొచ్చిందంటే ఒకే మనిషి పొద్దున్నించీ ఇరవై మంది ముసలమ్మల చెయ్యి పట్టుకుని లోపలికెళ్ళడం మా కళ్ళతో చూశాం, ఆ ఇరవై ఓట్లూ ఎవరివో వేరే చెప్పాలా. అందుకని అత్తగారితో మీరెళ్ళండి, మావయ్యగారితో మీ ఆయన్ని పంపండి. చదువు రాదనే కారణంతో తోడు ఇవ్వరు, గుర్తులు ఉన్నది చదువు రానివాళ్ళ కోసమే కదా.

85 దాటినవాళ్ళకీ, 40 శాతం పైన వైకల్యం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకీ ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు 12డి ఫారం ఇవ్వాలి, మీ బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్వోని అడగండి.

ప్రశ్న: కువైట్ నుంచి ఓటు కోసమే వస్తున్నా, ఓటేస్తూ ఓ సెల్ఫీ దిగితే తప్పా? (రాజోలు)

జవాబు: బయటకొచ్చాక సిరా వేలు ఫోటోలు ఎన్ని కావాలంటే అన్ని దిగు నాయనా. ఫోను లోపలికి వద్దు. 2025లో బూత్ గుమ్మం దగ్గర ఫోను స్విచాఫ్ చేసి అప్పజెప్పే ఏర్పాటు పెట్టారు గనక ఇంట్లో వదిలి రావాల్సిన ఇబ్బంది తగ్గింది. లోపల ఓటు చూపించడానికి ప్రయత్నించి, చెప్పినా వినకపోతే పీవో నిన్ను ఓటు వెయ్యనివ్వకుండా పంపెయ్యొచ్చు, విమానం టికెట్టు దండగ. ప్రవాస ఓటరుగా నమోదై ఉంటే ఒరిజినల్ పాస్‌పోర్ట్ మర్చిపోకు, అక్కడ ఆధార్ పనికిరాదు.

ప్రశ్న: నా ఓటు అప్పటికే ఎవరో వేసేశారు. వెనక్కి వచ్చేశా. (మండపేట)

జవాబు: రాకుండా ఉండాల్సింది. టెండర్ ఓటు అడగాలి. మీరు మీరేనని పీవోకి నమ్మకం కుదిరితే కాగితం బ్యాలెట్ ఇస్తారు, ముద్ర వేసి ఇస్తే కవర్లో విడిగా పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కోర్టు దాకా వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: ఆరింటికి గేటు వేసేస్తారు అంటారు, క్యూలో ఉంటే వేయనిస్తారు అంటారు, ఏది నిజం? మా రొయ్యల చెరువుల దగ్గర పని అయ్యేసరికే ఐదున్నర అవుతుంది. (నరసాపురం దగ్గర)

జవాబు: రెండూ నిజమే. టైము అవ్వగానే గేటు వేస్తారు, అప్పటికి లైన్లో ఉన్నవాళ్ళందరికీ పీవో సంతకం పెట్టిన నంబరు చీటీలు ఇస్తారు. చీటీలు ముందు నుంచి కాదు, చివర నుంచి పంచుకుంటూ వస్తారు, అంటే ఆఖరున ఉన్న మనిషికి ఒకటో నంబరు. ఎందుకంటే ముందు నుంచి పంచుకుంటూ వెళ్తే తోక పెరుగుతూనే ఉంటుంది. చీటీ ఉంటే రాత్రి పది అయినా ఓటు వేస్తారు, కరెంటు పోయినా పర్లేదు, మిషన్ బ్యాటరీ మీద నడుస్తుంది, దోమల సంగతి మాత్రం ఎవరి గతి వాళ్ళది. ఇంకా పోలింగ్ రోజున జీతం కొయ్యకుండా సెలవివ్వాలని 135బి సెక్షన్ ఉంది, రోజు కూలీలకి కూడా వర్తిస్తుంది, చెరువు యజమానికి ముందు రోజే ఆ మాట చెప్పండి.

నా డ్యూటీల్లో ఒకటి మీ వైపే పడింది. అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి రెండు మిషన్లు, ఒకదాని మీద తెల్ల కాగితం, ఇంకోదాని మీద గులాబీ, ఒక్కొక్కళ్ళకీ రెండు నిమిషాలు పట్టింది. గేటు వేసేటప్పటికి నూట పదిమంది దాకా ఉన్నారు. చీటీలు పంచేశాక ఆరుంపావుకి ఒకతను మోకాళ్ళ దాకా చెరువు బురదతో పరిగెత్తుకొచ్చాడు, లారీ లోడింగ్ లేటయింది సార్ అన్నాడు. లోపల ఎలాగూ ఇంకా మూడు గంటలు పడుతుంది, ఒక్కణ్ణి కలిపేద్దాం సార్ అని ఏజెంట్లందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు, పొద్దున్నించీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోనివాళ్ళు. నేను కలపలేదు. పోలింగ్ అయ్యేసరికి తొమ్మిదీ ఇరవై అయ్యింది, సీళ్ళు వేసి బయటకొచ్చి చూస్తే అతను గేటు అవతల బండి మీద కూర్చునే ఉన్నాడు, నాలుగో చీటీ వాళ్ళావిడదట, తీసుకెళ్ళడానికి.